తొమ్మిదో పట్టీ

ఆ బండి మా షెడ్డులోకి వచ్చేసరికే
ఎడమ భుజం జార్చుకుని ఉంది,
నీళ్లు మోసి మోసి
ఒక చెయ్యి పొడుగైపోయిన మనిషిలా.

యాభై ఒకటి నాటి షెవ్రొలే పికప్పు.
ఒకప్పుడు ఆకుపచ్చట. ఎర్మెలిందా చెప్పింది.
తలుపు మడత లోపల చూస్తే నిజమే.
మిగతాదంతా చివావా ఎండ తినేసింది.

"పోయినేడు ఇరవై బస్తాల పీకన్ కాయలు ఎక్కించాం.
కాలవ వంతెన దగ్గర ఇరుసు వెళ్లి చట్రానికి కొట్టుకుంది.
నిద్దట్లో పళ్లు కొరికిన చప్పుడు."
డెబ్బై దాటినామె. టోపీ తియ్యలేదు.
కొత్తవి వేస్తే ఎంతని అడగలేదు,
పాతవాటిని లేపితే ఎంతని అడిగింది.

"ఎడమవైపే ఎందుకు కుంగింది?" అన్నాను.
"రొహేలియో బరువంతా తన వెనకే సర్దేవాడు.
కుడివైపు కుక్క పడుకునేది."

యూ బోల్టుల మీద మూడు రోజులు నూనె పోశాను.
నాలుగింటిలో రెండు ఒప్పుకున్నాయి.
రెండింటిని మంటతో కోశాను.
షాకిల్ పిన్ను బయటికి రావడానికి
ఒక పూట, ఒక సమ్మెట పిడి, కొన్ని తిట్లు పట్టాయి.
అందులో ఒకటి మేనల్లుడు రమీరో
అప్పటికప్పుడు కనిపెట్టాడు.

కమాను కట్ట నేల మీదికి దిగింది.
సెంటర్ బోల్టు విప్పేటప్పుడు
మొహం పక్కకి తిప్పుకోవాలి,
ముసలి ఇనుమైనా ఎగిరి తంతుంది.
తన్నలేదు.
అదే నాకు బాధేసింది.

పట్టీకీ పట్టీకీ మధ్య తుప్పు
దంచిన మిరపపొడిలా రాలింది.
ఎనిమిదింటి వరకు కార్ఖానావే.
తొమ్మిదోది వేరు. మందం వేరు.
చివర్లు మొండిగా, కొరికిన గోళ్లలా.
తీగ బ్రష్షుతో రుద్దితే
మూడు ఉలి గాట్లు.

దోన్ ఎపిఫానియో.
నాకు సమ్మెట పట్టడం నేర్పినవాడు.
ఏ గడ్డిబండి కమానో కోసి
ఎప్పుడో ఇక్కడ ఇరికించాడు.
"పదేళ్లు ఆగుతుంది" అనే ఉంటాడు.
దేనికైనా అదే అనేవాడు,
గేటు మడతబందుకైనా, పెళ్లికైనా.

పెద్ద పట్టీకి కన్ను దగ్గర వెంట్రుకంత పగులు.
దానికి మందు లేదు, కొత్తది చేశాను.
మిగతావి కొలిమిలో పెట్టాను
దానిమ్మ గింజ రంగు తిరిగేదాకా.
నేల మీద సుద్దతో గీసిన వంపు.
కొట్టడం, దానిమీద పెట్టి చూడడం, మళ్లీ కొట్టడం.
చల్లగా ఉన్నప్పుడు కొట్టినా ఇనుము వంగుతుంది,
వంగినట్టు నటిస్తుంది.
ఆరు నెలల్లో పాత కుంగు పాతచోటే.
ఒళ్లంతా ఎర్రబడితే గాని
మోసిన బస్తాలు మర్చిపోదు.

నూనె తొట్టిలో ముంచితే షెడ్డంతా పొగ,
రమీరో దగ్గు.
మళ్లీ సన్నసెగ మీదికి,
ఎండుపుల్లతో గీస్తే నిప్పురవ్వ లేచేదాకా.

తొమ్మిదోదాన్ని మాత్రం పక్కన పెట్టాను.
బండి పుట్టుకలో అది లేదు.
రెండుసార్లు దాంతో తుక్కు కుప్ప దాకా వెళ్లాను.
రెండోసారి రమీరో చూశాడు,
ఏమీ అనకుండా రేడియో పెంచాడు.

కొత్త బుష్షులు, గ్రాఫైటు, కొత్త బోల్టులు.
జాకీ దించితే బండి నిటారుగా నిలబడింది,
మరీ నిటారుగా.
ఎర్మెలిందా ఎక్కడానికి పీట వెయ్యాల్సి వచ్చింది.
వీధి చివరిదాకా వెళ్లొచ్చి
"గాడిదపిల్లలా ఎగురుతోంది" అంది.
"ఖాళీగా ఉందిగా. బరువు పెడితే కుదురుకుంటుంది."
"ఎంత బరువు?"
"పదిహేను బస్తాలు."
"ఇరవై పెడతాను," అంది.
పెడుతుంది. ఆ మొహం నాకు తెలుసు.

మళ్లీ జాకీ ఎత్తాను.
తొమ్మిదోది కొలిమిలోకి వెళ్లింది.
మూడు గాట్ల పక్కన
కొంచెం వంకరగా, నాదొకటి.

"ఎన్నాళ్లు ఆగుతుంది?"
"పదేళ్లు," అన్నాను,
అనేశాక గాని వినిపించలేదు నాకు.

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని
సగం డబ్బిచ్చింది.
మిగతా సగం కాయలు రాలాకట.